రెండు కొట్ల ఆట

పరుగు పందేల మైదానంలో నేను మొదటిసారి చెయ్యి చేసుకున్నప్పుడు అవతలివాడికి పన్ను ఊడింది. పన్ను ఎగ్గొట్టినవాణ్ణి పట్టుకోవడానికి సర్కారుకు ఏళ్ళూ పూళ్ళూ పడతాయి గాని, పన్ను ఊడగొట్టిన నన్ను ఈల మాస్టారు అక్కడికక్కడే పట్టుకున్నారు. ఆయన మా పరుగుల క్లబ్బు కార్యదర్శి, ఒకప్పటి డ్రిల్లు మాస్టారు. మెడలో ఈల లేనిదే నిద్ర కూడా పట్టదంటారు. నా తప్పేమీ లేదని ఆయనకు చెప్పి చూశాను. ఆ పెద్దమనిషి తన కొడుకును గెలిపించుకోవడానికి గీత దాటి వచ్చి మా చిన్నాణ్ణి భుజంతో కుమ్మాడు. పిల్లాడు మట్టిలో బోర్లా పడ్డాడు. అలాంటప్పుడు ఎవరైనా ముఖం మీద కొట్టినట్టు చెబుతారు. నాకు చెప్పే ఓపిక లేక కొట్టాను.

రెండోసారి ముక్కు. అది ఒక ఆడమనిషిది. తాను ముక్కుసూటి మనిషినని ఆవిడ ఊరంతా చెప్పుకునేది. ఆ తరవాత ఆ మాట అనడం మానేసింది.

ఈసారి ఈల మాస్టారు నోట్లోంచి ఈల తీసి మరీ మాట్లాడారు. ఇంకొక్కసారి చెయ్యెత్తావంటే జన్మలో ఈ మైదానం గడప తొక్కనివ్వనన్నారు. మైదానానికి గడప ఎక్కడిది మాస్టారూ అని అడిగాను. దానికి వేరే తిట్లు తిన్నాను.

మాది మాంసం కొట్టు. మా ఆయన తూకం చూస్తారు, నేను కొడతాను. కొట్టులో ఒక మొద్దు, మంచం మీద ఒక మొద్దు అని నేనంటే ఆయన నవ్వి ఊరుకుంటారు. ఊరుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడు. రోజంతా నిలబడి కత్తెత్తి దించే మనిషిని కాబట్టి నాకు భుజాలూ, పిక్కలూ గట్టివి. మా అమ్మాయి పరుగులు నేర్చుకుంటుంటే గట్టు మీద కూర్చుని దాని చెప్పులు కాపలా కాసేదాన్ని. క్లబ్బువాళ్ళు ఇంటి రిలే అని కొత్తగా ఒక పందెం పెట్టారు. ఒక ఇంటివాళ్ళు లేదా దగ్గరి చుట్టాలు నలుగురు, ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, ఒక్కొక్కరూ మైదానం చుట్టూ ఒక చుట్టు. చుట్టాలందరూ చుట్టు తిరగడమే కదా అని దిగాను. దిగాక తెలిసింది, నాకు పరుగొచ్చని.

నాకు కావలసింది కప్పు కాదు. మూడో చుట్టు నాది, ఆఖరి చుట్టు మా అమ్మాయిది. నేను ఆయాసపడుతూ వస్తుంటే అది మెడ తిప్పి నన్నే చూస్తూ, నా చేతిలోని రిలే కర్ర కోసం చెయ్యి చాచి, మెల్లగా కదలడం మొదలుపెడుతుంది. ఇంట్లో ఫోను మీద నుంచి తలెత్తని పిల్ల, పిలిస్తే మూడో కేకకు గాని పలకని పిల్ల, ఆ నాలుగడుగుల దూరంలో మాత్రం లోకంలో నేనొక్కదాన్నే ఉన్నట్టు చూస్తుంది. ఆ చూపు కోసం నేను ఎంత దూరమైనా పరిగెత్తేదాన్ని.

ముక్కు గొడవ జరిగిన సాయంత్రం అది కొట్టులోకి వచ్చి నిలబడింది. నేను కత్తి దించేదాకా ఆగి, నెమ్మదిగా చెప్పింది.

"అమ్మా, ఇంకోసారి నువ్వు ఎవరి మీదైనా చెయ్యెత్తితే నీ చేతిలోంచి కర్ర అందుకోను. పిన్ని వాళ్ళ జట్టులో పరిగెడతా. పిన్ని ఎప్పట్నుంచో అడుగుతోంది."

పిన్ని అంటే నా తోడికోడలు. మా మరిది పెళ్ళాం. వాళ్ళది మా వీధి చివరే మందుల కొట్టు. ఆవిడదీ కొట్టే, నాదీ కొట్టే. రెండు కొట్లు ఆటకు దిగితే కొట్లాట కాక మరేమవుతుంది. కాకపోతే ఆవిడ కొట్టేది ఎవరికీ కనబడదు. మాత్రకు పంచదార పూసినట్టు ప్రతిదానికీ "అక్కా" అని పూత పూస్తుంది. ఆవిడ జట్టులో వాళ్ళబ్బాయి బాగా పరిగెడతాడు గాని, కూతురు మోకాలు పట్టేసి కూర్చుంది. దాని బదులు ఆవిడ తమ్ముడి కొడుకును తెచ్చుకున్నారు, వాడు పరిగెడితే గట్టు మీద ముసలాళ్ళు కూడా జాలిపడతారు. అందుకే మా పిల్ల మీద ఆవిడ కన్ను. మా పిల్ల రావాలంటే నేను చెయ్యెత్తాలి. ఆ సంగతి ఆవిడకు తెలుసు, నాకు తెలుసు, ఆవిడకు తెలుసని నాకు తెలుసు.

ఆ ఆదివారం బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నప్పుడే మొదలుపెట్టింది. వచ్చి నా పక్కన కూర్చుని, ఈ వయసులో నీకెందుకక్కా ఈ తిప్పలు, పిల్లదాన్నన్నా పైకి రానివ్వమంది. లేస్తూ లేస్తూ నేల మీద ఆనించిన నా చేతి వేళ్ళ మీద కాలు వేసింది. పందెపు బూట్లకు అడుగున మేకులుంటాయి. రెండు వేళ్ళ మీద చర్మం లేచి రక్తం చిమ్మింది. అయ్యో అక్కా చూడలేదన్నది. నేను వేళ్ళు నోట్లో పెట్టుకుని, నోట్లోకి వచ్చిన మాటల్ని రక్తంతో సహా మింగాను.

మా చిన్నాడు మొదటి చుట్టు ప్రాణం పెట్టి పరిగెత్తి, కర్ర ఇచ్చేసి, గోడ వైపు పోయి వాంతి చేసుకున్నాడు. మా ఆయన రెండో చుట్టులో ముందున్న ఇద్దర్ని వెనక్కి నెట్టకుండానే దాటారు. ఆయన మర్యాద అలాంటిది. నాకు కర్ర అందించి గడ్డి మీద బోర్లా పడి పందెం అయ్యేదాకా లేవలేదు. పేరుకే అది కర్ర. నిజానికి లోపల డొల్లగా ఉండే అల్యూమినియం గొట్టం.

నేనూ, తోడికోడలూ ఒకేసారి బయల్దేరాం. తోడికోడళ్ళు తోడుగా పరిగెత్తడం చూసి గట్టు మీద ఎవరో ఈల వేశారు. మొదటి మలుపులో ఆవిడ మోచెయ్యి నా పక్కటెముకల్లో దిగింది. మాంసం కొట్టేదాన్ని, ఏ ఎముక ఎక్కడుందో నాకు తెలుసు. మందులమ్మే మనిషికి కూడా బాగానే తెలుసని అప్పుడే అర్థమైంది. ఊపిరి ఆడలేదు. పోటీకి వచ్చి పోటు తెచ్చుకున్నాననుకుంటూ పక్కకు జరిగాను. ఆవిడా జరిగింది. రెండో మలుపులో వెనక నుంచి నా పిక్క మీద కాలు వేసి కిందికి లాగింది. మేకులు తోలు గీరినట్టు గీరుకుంటూ మడమ దాకా దిగాయి. పడ్డాను. ఎర్రమట్టి మోకాళ్ళలోకి, అరచేతుల్లోకి, పళ్ళ మధ్యకు దూరింది. వెనక నుంచి వస్తున్నవాళ్ళలో ఒకడు నా వీపు మీద అడుగేసి దాటిపోయాడు.

తలెత్తితే తోడికోడలు వెనక్కి తిరిగి చూసి నవ్వుతోంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపొచ్చిందన్నారు పెద్దలు. పాపం ఆ సామెత కోడలికి అత్త ఒకరు, తోడికోడలు ఒకరు. నాకు కొట్టేదీ, నవ్వేదీ ఒకతే.

లేచాను. కాలు తడిగా ఉంది, బూటులో రక్తం చపచపమంటోంది. చెయ్యెత్తకూడదు, చెయ్యెత్తకూడదు అని అడుగడుక్కీ అనుకుంటూ పరిగెత్తాను. కోపం చేతుల్లోకి పోవడానికి వీల్లేక కాళ్ళలోకి దిగినట్టుంది. నన్ను దాటినవాళ్ళను మళ్ళీ దాటాను. ఎదురుగా మా అమ్మాయి మెడ తిప్పి నన్నే చూస్తోంది. నా ముందు తోడికోడలు వాళ్ళబ్బాయికి కర్ర అందించింది. వాడు దూసుకుపోయాడు. ఆవిడ దారిలోంచి తప్పుకోవాలి. తప్పుకోకుండా ఆయాసం ఎక్కువైనట్టు వంగి, నేను దగ్గరికి రాగానే నిటారుగా లేచి, మోచెయ్యి నా నోటి మీద విసిరింది.

పటుక్కుమంది. నాలుక మీద పన్ను ముక్క తగిలింది. ఊడగొట్టిన పన్ను ఇలా తిరిగి కట్టించుకుంటారన్నమాట అనుకున్నాను. కళ్ళు చీకట్లు కమ్మినా నా చెయ్యి మాత్రం చాచే ఉంది. చెయ్యి చాచాను, చెయ్యి చేసుకోలేదు. కర్ర మా అమ్మాయి అరచేతిలో పడింది. ఇక అది పరిగెత్తడమే మిగిలింది.

అది పరిగెత్తలేదు.

నా నోరు చూసింది. పిన్ని నవ్వు చూసింది. కర్ర భుజం వెనక్కి తీసుకుపోయి పిన్ని ముఖం మీద కొట్టింది. ఆ చప్పుడు నాకు తెలుసు. మెత్తటిది దాటి గట్టిది తగిలిన చప్పుడు. తోడికోడలు మోకాళ్ళ మీద కూలింది. కనుబొమ్మ చీలి రక్తం కంట్లోకి కారుతోంది. మొదటి దెబ్బ కోపం. కోపం నాకు పాత చుట్టం. రెండో దెబ్బకు ముందు మా అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. పట్టు సరిచేసుకుంది. నేను మొద్దు దగ్గర ఎముక కీలు చూసుకుని కత్తి ఎత్తినట్టే ఎత్తి, చెవి మీద దించింది. అప్పుడు దాని ముఖం ప్రశాంతంగా ఉంది.

మూడోది ఎత్తేలోపు దాని మణికట్టు పట్టుకుని మెలితిప్పి కర్ర లాక్కున్నాను. ఈల మోగింది. కర్రలు మార్చుకునే జట్లన్నీ చుట్టూ గుంపుగా ఉన్నాయి. జనం జరిగి దారిచ్చేసరికి ఈల మాస్టారికి కనబడింది ఏమిటంటే, నెత్తురోడుతున్న తోడికోడలూ, చేతిలో వంగిపోయిన గొట్టంతో నేనూ.

ఎవరు కొట్టారని ఆయన అడగనైనా లేదు. మర్యాద కోసం నేనే చెప్పాను.

"నేనే మాస్టారూ."

ఆయన తోడికోడలి వైపు చూశారు. ఆవిడకు ఒక కన్ను అప్పుడే మూసుకుపోయింది. మిగిలిన కంటితో మా అమ్మాయిని చూసింది, నన్ను చూసింది. కొట్టింది పిల్లదంటే పిల్లదాన్ని వెళ్ళగొడతారు. వెళ్ళగొట్టిన పిల్ల ఆవిడకెందుకు.

"అక్కే కొట్టింది," అంది.

కాపురానికి వచ్చిన నాటి నుంచి మేమిద్దరం ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు.

నన్ను జన్మకు సరిపడా బయటికి పంపారు. మా అమ్మాయి మాస్టారు వెంటపడి, కొట్టింది తనేనని, కావాలంటే ఎలా కొట్టిందో చూపిస్తానని చెప్పింది. అమ్మను వెనకేసుకు రావడం మంచిదే తల్లీ అని ఆయన దాని తల నిమిరి పంపేశారు. నిజం చెప్పడానికి కూడా కొంచెం చెడ్డపేరుండాలి. ఆ పేరు మా ఇంట్లో నేనొక్కదాన్నే వాడేసుకున్నాను.

గేటు బయట కుళాయి దగ్గర నోరు కడుక్కుంటుంటే అది వచ్చింది. దెబ్బ నాది, నీ ఖాతాలో ఎందుకు వేసుకున్నావని గొంతు చించుకుంటుందనుకున్నాను. అది కుళాయి తిప్పి, నీళ్ళ వంక చూస్తూ చాలా మామూలుగా అడిగింది.

"రెండోది కొట్టినప్పుడు ఎంత హాయిగా ఉందో. నీకెప్పుడూ అలాగే ఉంటుందా అమ్మా?"

దానికి పంచదార పూసిన జవాబు కావాలి. నా దగ్గర లేదు. ఉంటుందన్నాను.

అప్పుడే తోడికోడలు వాళ్ళబ్బాయి వచ్చాడు. పందెం గెలిచి గీత దాటేసరికి వాళ్ళమ్మ ముఖం అలా కనబడిందట. తిన్నగా నా మీదికి వచ్చి పిడికిలి బిగించి కడుపులో గుద్దాడు. పదహారేళ్ళవాడు, బలం బాగానే ఉంది.

"మా అమ్మను ఎందుకు కొట్టావు పెద్దమ్మా," అంటూ ఇంకోటి గుద్దాడు.

కొడుతూ కూడా పెద్దమ్మా అనే పిలిచాడు. పెంపకం మంచిదే. నా పక్కన మా అమ్మాయి భుజం వెనక్కి పోవడం కనబడింది. దాని మణికట్టు ఎడమచేత్తో పట్టుకున్నాను. వదులు, వదులమ్మా అని గింజుకుంది. నా గుప్పిట్లో దాని ఎముక కదలడం తెలుస్తోంది. నా కుడిచెయ్యి ఖాళీగానే ఉంది. ఇప్పుడు దాన్ని ఎత్తితే కాదనే మాస్టారు లేడు, పోగొట్టుకునే పందెం లేదు. ఈ పిల్ల ఇక ఏ మైదానంలోనూ నా కోసం మెడ తిప్పి చూడదు. వాడు చెవి మీద కొట్టాడు. గుయ్యిమంది. ఆ కుడిచేత్తో కుళాయి పట్టుకుని నిలబడ్డాను.

మా అమ్మాయి గింజుకోవడం ఆపలేదు. వాణ్ణి వదిలిపెట్టనని, ఒక్కసారి, ఒక్కటే ఒక్కసారి వదలమని పళ్ళు నూరింది. నొప్పి పెడుతోందంది. పెట్టనీ అన్నాను. వాడు నాలుగైదు గుద్దాక, తిరిగి కొట్టని మనిషిని కొట్టడం చేతగాక, నేల మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టాడు. మా అమ్మాయి వాణ్ణి చూసింది. తరవాత నా వైపు చూసింది. ఆ చూపులో ప్రేమ లేదు, మెచ్చుకోలు లేదు. ఈవిడ ఎవరని వెతుకుతున్నట్టుంది.

"పదరా," అన్నాను వాడితో. "మీ అమ్మకు కుట్లు వేయించాలి."

వాడు లేచి వాళ్ళమ్మను నడిపించుకొచ్చాడు. ఆసుపత్రి దాకా వీధి పొడుగునా మా అమ్మాయి మణికట్టు నేను వదల్లేదు. పరుగులో అది నన్ను ఎప్పుడో దాటిపోయింది. పట్టులో మాత్రం ఇంకా నాదే పైచెయ్యి. అది గుంజుతూనే ఉంది.