ఫిరంగమ్మ మొక్కు

మంగళవారం పొద్దున భాగీరథి రొట్టెలు తడుతుంటే చేతి గాజులు కూడా తొందరపడేవి. మిగతా ఆరు రోజులూ అదే పిండి, అదే పెనం, అవే ఇరవై నాలుగు జొన్నరొట్టెలు. మొగుడికి, అత్తకి, ఇద్దరు మరుదులకి, అల్లం చేలో పనిచేసే జీతగాళ్లకి. పనెక్కువైందని ఎప్పుడైనా నోరు జారితే మొగుడు ఇంద్రసేన నవ్వేవాడు. "ఇంట్ల నీకేం పనుంటది? మేం ఎండల చస్తున్నం. నువ్వు నీడపట్టున కూసునేదే గద!" ఆరేళ్ల కాపురంలో ఆ నీడ ఎక్కడుందో భాగీరథి వెతుకుతూనే ఉంది.

చివరికి అది ఖిల్లాలో దొరికింది.

జహీరాబాద్‌కి పడమట గుట్ట మీద ఉంది ఆ ఖిల్లా. ఒకప్పుడు ఇవతలి రాజ్యం అక్కడితో అయిపోయి అవతలిది మొదలయ్యేదట. రాజులు పోయారు, సరిహద్దు పోయింది, బురుజు మీద ఒక ఫిరంగి మాత్రం మిగిలింది. మగవాళ్లు పనికిరాదని వదిలేసినదాన్ని ఏదో ఒకందుకు వాడుకోవడం ఆడవాళ్లకి అలవాటే కదా. దానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, ఫిరంగమ్మ అని పేరు పెట్టుకుని, మనుషుల్ని చంపడానికి పోతపోసిన ఇనుమును పిల్లల్నిమ్మని అడగడం మొదలుపెట్టారు.

భాగీరథికి పిల్లల్లేరు. "విత్తనం మంచిదే, మడిల్నే ఏదో ఉంది" అని ఇంద్రసేన అల్లం సంగతి మాట్లాడినట్టే మాట్లాడేవాడు. ఇద్దరం కలిసి దవాఖానకు పోదామంటే "నాకేమైంది?" అని గొడుగు తీసుకుని చేనుకు వెళ్లిపోయాడు. పక్కింటి హనుమమ్మ మనవడి తొట్టెల వేడుక నాడు పసివాణ్ణి అందరి ఒళ్లోనూ పెడుతూ వచ్చి, భాగీరథి చేతులు చాచేసరికి "పాలకేడుస్తున్నడు" అని లోపలికి తీసుకుపోయింది. వాడు హాయిగా నిద్రపోతున్నాడు. ఆ చాచిన చేతుల్ని ఏం చేయాలో తెలీక భాగీరథి కొంగు సర్దుకుంది.

ఆ వారమే, అంటే డెబ్బై తొమ్మిదో సంవత్సరం తొలకరిలో, అత్త అనంతమ్మ మొక్కు చెప్పింది. అనంతమ్మ మాట పెళుసు, మొహం ఇంకా పెళుసు. "ఇరవై ఒక్క మంగళారాలు. పగటేళ ఒక్కదానివే పోవాలె. తొవ్వల ఎవరితోని మాట్లాడొద్దు. పసుపు నీళ్లు పోసి, బురుజు పిట్టగోడ నీడ ఫిరంగమ్మ మూతి తాకేదాక ఆడనే కూసోవాలె. ఇంటికొచ్చినంక ఆ దినం పొయ్యి ముట్టొద్దు."

మొదటి వారం భాగీరథి ఏడుస్తూ గుట్ట ఎక్కింది. రెండో వారం ఆయాసపడుతూ ఎక్కింది. మూడో వారం కొప్పు విప్పుకుని, వెచ్చటి ఇనుముకి వీపు ఆనించి, కాళ్లు బారజాపుకుంది. కింద చెరకు తోటలు, వాటి నడుమ రోడ్డు, రోడ్డు మీద బొంబాయి పోయే లారీలు. ఏరాల్సిన బియ్యం లేవు, వలవాల్సిన వెల్లుల్లి లేదు, "ఏమే" అని పిలిచే గొంతు లేదు. పెళ్లయ్యాక చేతిలో ఏ పనీ లేకుండా కూర్చోవడం ఇదే మొదటిసారి అని ఆమెకి అప్పుడు తట్టింది. బురుజు పగుళ్లలో మొలిచిన చెట్ల సీతాఫలాలు పండే నాటికి, గింజలు ఎంత దూరం ఉమ్మగలదో పందెం వేసుకునేది, తనతో తనే. గెలిచినా తనే, ఓడినా తనే. ఫిరంగమ్మని పిల్లల్ని అడగడం ఎప్పుడో మర్చిపోయింది. సాయంత్రం దిగివస్తే అత్త చేసిన రొట్టె వేడిగా ఉండేది. ఒకరు చేసి పెట్టిన రొట్టె అంత రుచిగా ఉంటుందని కూడా అప్పుడే తెలిసింది.

పద్నాలుగో వారం వెళ్లొచ్చాక నెల తప్పింది.

సంతోషం కాదూ? సంతోషమే. పెరట్లో బావి తాడు పట్టుకుని నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బకెట్ పైకి రాకముందే ఇంకో ఆలోచన వచ్చింది. ఈ మాట బయటపడితే గుట్ట ఎక్కనిస్తారా? ఇంకా ఏడు మంగళవారాలున్నాయి. ఏడు మధ్యాహ్నాలు! తల్లి కాబోతూ మధ్యాహ్నాల కోసం ఏడవడం పాపమేమో అనుకుంది. అనుకుని కూడా వదులుకోబుద్ధి కాలేదు.

ఆ ఇంట్లో నెలలో మూడు రోజులు ఆడవాళ్లు వెనక వసారాలో విడిగా ఉండాలి. ఉండకపోతే అందరికీ తెలిసిపోతుంది. అందుకని భాగీరథి తిథి చూసుకుని గురువారం నాడు "అత్తమ్మా, నేను బయటున్న" అని బొంత తీసుకుని వెళ్లి కూర్చుంది. అనంతమ్మ మూడు రోజులూ కంచం దూరంగా పెట్టి వెళ్లిపోయింది. ఆరేళ్ల కాపురంలో మొదటి అబద్ధం ఇంత సుళువుగా చెల్లిందే అని భాగీరథి మురిసిపోయింది.

మంగళవారం వచ్చింది. పసుపు నీళ్ల చెంబు అనంతమ్మే తెచ్చి చేతికిచ్చింది.

"మెట్ల దిక్కు పోకు. వానలకు పాకురు పట్టి ఉంటది. వెనక బండిబాట పట్టి నిమ్మలంగ ఎక్కు."

భాగీరథి గడప దగ్గరే ఆగింది. "ఎందుకత్తమ్మా?"

"మూడు దినాలు బయటున్నవు. కొట్టం వెనక తీగె మీద ఒక్క గుడ్డ ఆరలే. నాకు కండ్లు పోయినయనుకున్నవా?"

భాగీరథి చెంబు కింద పెట్టేసింది. అయిపోయింది, మిగిలిన వారాలన్నీ ఇక్కడే వంటింట్లో పోతాయి అనుకుంది. అనంతమ్మ వంగి చెంబు తీసి మళ్లీ ఆమె చేతిలో పెట్టింది.

"నేను ఎవరికి చెప్పలే. మా అత్త నాకు ఐదు వారాలే చెప్పింది పిల్లా. ఇరవై ఒకటి నేను చేసిన."

"మరి పొయ్యి ముట్టొద్దన్నది?"

"అది మా అత్త పెట్టింది. నీడ మూతి తాకేదాక లేవొద్దని ఏ తల్లి పెట్టిందో ఎరుక లేదు. ఆమె కడుపు సల్లగుండ. పదకొండు మందికి వండేదాన్ని నేను, జర కూసునే జాగ యాడుండె నాకు?"

ఆరేళ్లుగా గోడలా కనబడిన మనిషి. భాగీరథికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చెంబు పట్టుకుని అలాగే అత్త భుజం మీద తల పెట్టింది. "పో, పొద్దు వంగుతది" అంది అనంతమ్మ, తల మాత్రం తీయనివ్వలేదు. మరుసటి నెల భాగీరథి మళ్లీ బయట కూర్చుంది. ఈసారి తీగె మీద గుడ్డలు తడిపి ఆరేసింది అనంతమ్మే.

ఇరవై ఒకటో వారం అయ్యాక, ఆ సాయంత్రం అందరూ తినడానికి కూర్చున్నప్పుడు భాగీరథి మాట బయటపెట్టింది. ఇంద్రసేన ముద్ద నోట్లో పెట్టుకోవడం మరచి ఇంతింత కళ్లు చేసుకున్నాడు. "మడి మంచిదే అని నేనెప్పుడో అన్న!" అన్నాడు. తర్వాత ఉదారంగా, "ఇగ ఆ గుట్ట ముచ్చట ఇడిసిపెట్టు. మొక్కు తీరింది గద, ఇంటిపట్టున ఉండు" అన్నాడు.

ఆ మాట వస్తుందని భాగీరథికి తెలుసు. ఏం చెప్పాలో ఆ మధ్యాహ్నం ఫిరంగికి వీపు ఆనించి కూర్చున్నప్పుడే తేల్చుకుంది.

"తీరలే. బిడ్డ పుట్టినంక గూడ పోవాలె. నలభై మంగళారాలు."

ఇంద్రసేన నమ్మలేక తల్లి వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మా? నలభైయా?"

అనంతమ్మ పెనం మీద రొట్టె తిప్పింది. "నలభై అని ఎవరన్నరు?"

భాగీరథి గబుక్కున అత్త వైపు చూసింది.

"నూటొకటి" అంది అనంతమ్మ. "నువ్వు పుట్టినంక నేను పోలేదా? పసిబిడ్డను నేను పట్టుకుంట. ఇంకోటి, బిడ్డ పుట్టినంక చేసే మొక్కుకు అత్త గూడ ఆ దినం పొయ్యి ముట్టొద్దు."

"మరి రొట్టెలెవరు చేస్తరు?"

"పిండి డబ్బా చేతికందే జాగల్నే ఉంది బిడ్డా" అంది అనంతమ్మ.