ఆవకాయ రోజుల్లో వేట

గల్ఫ్‌లో, అజ్మాన్‌లో నలుగురు పిల్లలున్న ఇంట్లో చిట్టెమ్మది పని. శుక్రవారం ఇంటివాళ్ళు చుట్టాలింటికి వెళితే ఆమెకు కాస్త తీరిక. ఒళ్ళు హూనమై ఉన్నా పడుకోదు, ఫోనులో సీరియల్ పెట్టుకుంటుంది. సముద్రపు ఒడ్డున జాలర్ల కథ అది.

కోనసీమలో ఆమె మొగుడు అంజిబాబూ అదే చూస్తాడు. అతను నిజం జాలరి. చూశాక ఇద్దరూ వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపుకుంటారు. తప్పులు పట్టడం అతని వంతు, వెనకేసుకు రావడం ఆమె వంతు. నాలుగేళ్ళుగా వాళ్ళ కాపురమంతా ఆ సీరియల్ మీదే నడుస్తోంది.

"తడిసిన వల బుజానేసుకుని అంత నిటారుగా నడుత్తాడంట. అబద్ధమాడినా అతికినట్టుండాలే," అంటాడతను.

"ఆ ముసలమ్మ ఒడ్డున కూకుని పడవలు లెక్కెట్టుకుంటది, అది మాత్తరం నిజం. నేనూ నీకోసం అలాగే సూసేదాన్ని," అంటుందామె.

మూడు వారాలుగా అతని గొంతు రాలేదు. అడిగితే కూతురు సుధారాణి, "నాన్న ఏటకెళ్ళాడమ్మా," అంటోంది. చిట్టెమ్మ నమ్మింది. అలిసిపోయిన మనిషికి నమ్మడమే సుఖం.

ఈ శుక్రవారం సీరియల్లో కోడలు ఆవకాయ కలుపుతుంటే మొగుడు బోటెక్కి వేటకు బయలుదేరాడు. చిట్టెమ్మకు నవ్వొచ్చింది. ఆవకాయ పెట్టేది ఎండల్లో. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఇది చూస్తే ఆయన ఊరుకుంటాడా అనుకుంటూ గొంతు పంపబోయింది. వేలు ఆగిపోయింది. ఇది మే నెల. ఊళ్ళో బోట్లూ ఒడ్డునే ఉన్నాయి. ఏడాది పొడుగునా ఏసీలో ఒకేలా గడిచే కొంపలో పడి ఆ సంగతే మరిచిపోయింది.

కూతురికి ఫోను చేసింది.

"మే నెల్లో ఏటేంటే?"

సుధారాణి ఇక దాచలేకపోయింది.

"పచ్చవాతం వచ్చిందమ్మా. కుడిచెయ్యి లెగట్లేదు. మాట రావట్లేదు. నీకు సెప్పద్దని ఎడం చేత్తో సైగ చేసాడు."

చిట్టెమ్మ ఏడవలేదు. ఏడవడానికీ ఓపిక ఉండాలి.

"ఫోను మీ నాన్న చెవికాడ ఎట్టు."

ఊపిరి వినిపించింది. ఆ ఊపిరిని ఆమె గుర్తుపట్టింది.

"ఏవయ్యా, ఇయ్యాల తప్పులు నేను సెప్తాను, ఇను. ఆవకాయెట్టే రోజుల్లో ఏటకెళ్ళాడంట ఆడు. నీ కూతురూ అంతే. అబద్ధమాడినా అతికినట్టుండాలని దానికి నేర్పలేదు నువ్వు."

మూలుగో నవ్వో, అవతల ఏదో చప్పుడైంది.

"ఈసారి నువ్వు కూకుని రోజులు లెక్కెట్టుకో. నేనొత్తన్నాను."

బయట గేటు తెరుచుకుంది. ఇంటివాళ్ళు వచ్చేశారు, మేడమ్ ఆమెను పేరు పెట్టి పిలుస్తోంది. చిట్టెమ్మ ఫోను పెట్టేయలేదు.