ఐదింటికి దీపాలార్పిన మేనేజరు

హలో హలో, వినబడుతోందా? అందరూ భోజనాలు చేశారా? అయితే కాస్త చెవి ఇటు పారేయండి. ఒక సీతాకోకచిలుకల పార్కులో జరిగిన ముచ్చట చెప్తాను.

ఆ పార్కులో గొంగళిపురుగుల్ని పెంచే ఆవిడని అందరూ గొంగళక్క అంటారు. కిటికీ లేని గది, వరసగా ట్రేలు, ట్రేల నిండా ఆకులు, ఆకుల మీద పురుగులు. ఆ గదిలో రోజుకి పదహారు గంటలు దీపాలు వెలగాలి. ఎందుకంటే ఆ పురుగుల ఒంట్లోనే గడియారం ఉంది. పగలు కురచైందంటే, చలికాలం వస్తోందనుకుని, గట్టి పెంకులాంటి గూట్లో ప్యూపాలుగా ముడుచుకుని నెలల తరబడి ముసుగుతన్నేస్తాయి.

కొత్త మేనేజరు ఓ సాయంత్రం గదిలోకి తొంగిచూశాడు.

"మనుషుల్లేని గదికి ఇన్ని దీపాలేంటమ్మా?"

"పురుగులున్నాయి కదండీ."

"ఏం, పేపరు చదువుతున్నాయా?"

ఆ రోజునుంచీ ఐదింటికల్లా దీపాలు ఆర్పించేశాడు. గొంగళక్క రెండుసార్లు నోటితో చెప్పింది, మూడోసారి కాగితం మీద రాసిచ్చింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న తన బల్ల కాలి కింద దూర్చాడు.

పార్కు ప్రారంభం దగ్గరపడింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించగానే మూడొందల సీతాకోకచిలుకలు ఎగరాలి. ఒక్క ప్యూపా పగిలితే ఒట్టు.

"ఆ రోజుకి అవి ఎగరకపోతే నీ ఉద్యోగం ఎగురుతుంది" అన్నాడు మేనేజరు. హీటర్లు పెట్టించాడు. రాత్రింబవళ్లు దీపాలు వెలిగించాడు. ట్రేల దగ్గర నిలబడి చప్పట్లు కూడా కొట్టాడు, పాపం.

"ఇప్పుడెన్ని దీపాలు పెట్టినా దండగే సార్. పురుగులుగా ఉన్నప్పుడే పడుకోవాలని తేల్చేసుకున్నాయి. మూడు నెలలు చల్లగా ఉంచి బయటపెడితే, చలికాలం పోయిందనుకుని అప్పుడు లేస్తాయి."

"నిద్రపోయేవాణ్ణి ఏసీలో పెడితే లేస్తాడా? ఏ బళ్లో చదివావమ్మా నువ్వు?"

"వీటి దగ్గరే సార్, ఇరవయ్యేళ్లు."

రిబ్బను తెగింది. అందరూ తలలెత్తారు. ఒక్క ఈగ ఎగిరింది. అలవాటుకొద్దీ మేనేజరు చప్పట్లు కొట్టాడు.

"ఈవిడ నిర్లక్ష్యం వల్లే అన్నీ చచ్చాయండీ!" అని మంత్రిగారికి చెప్పి, అక్కడికక్కడే ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేశాడు. ప్యూపాల్ని చెత్తకుప్పలో పోయమన్నాడు.

"చచ్చినవేగా, నాకిచ్చెయ్యండి" అంది గొంగళక్క.

ఇంటికెళ్లి ఫ్రిజ్‌లో సర్దింది. అత్తగారు లబోదిబోమంది. "కూరగాయలు వీధిన పడి, పురుగులు చల్లగా పడుకుంటాయా? ఇదెక్కడి కాపురమే తల్లీ!"

మూడు నెలలాగి బయటపెట్టింది. రెండు వారాలకి ఇల్లంతా రెక్కలే. కర్టెన్ల మీద, కుక్కర్ మీద, అత్తగారి కొప్పు మీద. వీధి వీధంతా గుమ్మం ముందే. ఆ కబురు మంత్రిగారి దాకా వెళ్లింది. మర్నాడు మేనేజరు గుమ్మంలో ప్రత్యక్షం.

"అమ్మా, అవి పార్కువి. అవీ, నువ్వూ కూడా వచ్చేయాలి. పైనుంచి చెప్పారు."

అత్తగారే ముందు అందుకుంది. "చచ్చినవాటికోసం ఇంత దూరం వచ్చావా నాయనా? దినం పెట్టడానికా?"

గొంగళక్క నవ్వలేదు. "వస్తానండి. కానీ ఆ గదికి మేనేజర్ని నేను. మీరు లోపలికి రావాలంటే నన్నడిగి రావాలి."

ఆయన తల ఊపాడు. తల మీద వాలిన సీతాకోకచిలుక కూడా ఊగింది.

మీ ఆఫీసులోనూ ఇలాంటి పెద్దమనిషి ఒకాయన ఉండే ఉంటాడు. పేరెత్తకండి, ఆయనున్న గ్రూపులో ఈ కథ చల్లగా పడేయండి, అంతే.