రమేష్ కూర్చునే చోటు

బస్సులో కళావతికి కునుకు పట్టింది. పక్కనున్న భర్త గోవర్ధన్‌కు పట్టలేదు. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా అతను ముందు సీటు కమ్మీని గట్టిగా పట్టుకుంటున్నాడు. ఆ కుదుపుకే ఆమెకు మెలకువ వచ్చింది.

బీచుపల్లి దగ్గర లారీ గుద్ది అతని తమ్ముడు రమేష్ పోయాడు. బండి నడిపింది గోవర్ధనే. అప్పటి నుంచి మగ్గం ఆగిపోయింది. గద్వాల చీర అంచుకు ఇద్దరుండాలి. కుడివైపు నుంచి ఒకరు నూలు కండె ఉన్న నాడె తోస్తే, ఎడమవైపు ఇంకొకరు అందుకుని తిరిగి తోయాలి. ఎడమవైపు రమేష్ చోటు. అక్కడ తను కూర్చుంటానని కళావతి ఎంత బతిమాలినా అతను ఒప్పుకోలేదు. సగం నేసిన చీర మీద పాత దుప్పటి కప్పి, ఆమె పొరుగువాళ్ళకు కండెలు చుట్టిపెడుతూ ఇల్లు లాక్కొస్తోంది.

మహబూబ్‌నగర్‌లో, ప్రమాదం తాలూకు భయం పోగొట్టే చికిత్స చేస్తున్న కౌన్సెలర్ పద్మజ ఎప్పటిలాగే అతని కళ్ళ ముందు రెండు వేళ్ళెత్తింది. "ఆ రోజు గుర్తు చేసుకోండి. తల కదపకుండా నా వేళ్ళనే చూడండి."

వేళ్ళు అటూ ఇటూ కదిలాయి. అతని కళ్ళు వెంట వెళ్ళాయి. వేళ్ళు కుడి చివరకు వచ్చేసరికి అతని చెయ్యి గాల్లోకి లేచింది.

"చెయ్యి ఒళ్ళో పెట్టుకోండి."

పెట్టుకున్నాడు. మళ్ళీ లేచింది.

"నాడె అందుకుంటుండు మేడం," అంది కళావతి సిగ్గుపడుతూ. "ఇంట్ల నీళ్ళ చెంబు అందుకొమ్మంటె మాత్రం ఆ చెయ్యి లేవదు."

పద్మజ నవ్వింది. "లేవనివ్వండి, పర్వాలేదు." కాసేపయ్యాక వేళ్ళు ఆపింది. "ఏం కనిపిస్తోంది?"

ఎప్పుడడిగినా లారీ లైట్లనేవాడు. ఈసారి లారీ మాట ఎత్తలేదు.

"తమ్ముడు. మగ్గం కాడ కూసున్నడు. జల్ది తోయన్నా అంటుండు."

అని బావురుమన్నాడు. కళావతి కొంగు అందించింది. ఓదార్చే ఓపిక ఆమెకు లేదు.

మర్నాడు పొద్దున వంటింట్లోంచి వచ్చి చూస్తే, దుప్పటి తీసి గోవర్ధన్ మగ్గం గుంటలో కుడివైపు కూర్చున్నాడు. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"గాడ కూసో," అన్నాడు, ఎడమవైపు చూడకుండానే.

ఆమె నడుం పట్టుకుని గుంటలోకి దిగింది. చెయ్యి చాపింది.

"రమేషా, తోస్తున్న," అన్నాడు అలవాటుగా. అని ఆగిపోయాడు. నాడె అతని చేతిలోనే ఉండిపోయింది.

కళావతి చాపిన చెయ్యి తియ్యలేదు.

"తొయ్యయ్యా, చెయ్యి గుంజుతుంది," అంది.

నాడె కొంచెం వంకరగా వచ్చింది. ఆమె అందుకుంది.