పసుపు కింది ఇనుము

మా దేవుడి అలమరలో ఒక రైలు మేకు ఉండేది. తెల్లదొరలు ఈ దీవిలో టాంక్ రోడ్డు స్టేషన్ నుంచి మొదటి పట్టాలు వేయించినప్పుడు మావారి తాత విశాఖపట్నం వైపు నుంచి సముద్రం దాటి కూలీగా వచ్చాడు. అడవి కొట్టేటప్పుడు, బురద పూడ్చేటప్పుడు జ్వరాలతో తోటివాళ్లు చాలామంది పోయారట. బతికిన తాత ఒక మేకు తెచ్చి, వాళ్ల పేరున ఇంట్లో నిలబెట్టాడు. అప్పటినుంచి శుక్రవారం శుక్రవారం పసుపు పూస్తూనే ఉన్నాం. కింద ఇనుము ఎలా ఉంటుందో ఇప్పుడున్నవాళ్లం ఎవరమూ చూడలేదు.

క్లెమెంటిలోని మా ఫ్లాట్‌లో ఒక గది భరద్వాజ్‌కు అద్దెకిచ్చాను. యూనివర్సిటీలో పాత రైళ్ల మీద పరిశోధన చేస్తున్నాడు. మేకు సంగతి తెలిసిన రోజు నుంచి అతనికి దాహం ఎక్కువైంది. నీళ్లకని వచ్చి అలమర ముందు ఆగిపోయేవాడు. ఒకసారి ఫోన్‌లో, అలాంటిది ఇంకెక్కడా దొరకదని ఎవరికో చెబుతూ, నన్ను చూసి మాట మార్చాడు.

రెండు రోజులు ల్యాబ్‌కు ఇమ్మన్నాడు. కుదరదన్నాను. మనవరాలు చాందిని నవ్వింది.

“ఆయన స్కాలర్ కదా, అమ్మమ్మా. మేకు కొట్టేసి ఏం చేసుకుంటాడు, సాంబార్‌లో వేసుకుంటాడా?”

ఇచ్చాను. తిరిగి తెచ్చినప్పుడు పసుపు చుక్క లేదు, నల్లగా ఉంది. కడిగి చూశారని, మొదటి లైనుది కాదని, చాలా ఏళ్ల తరవాత చేసినదని తేలిందని చెప్పాడు. చెబుతున్నంతసేపూ చాందిని వైపే చూశాడు. చేతిలోకి తీసుకున్నాను. బరువు తక్కువే అనిపించింది. కానీ ఇన్నేళ్ల పసుపు కూడా బరువే కదా.

పసుపు గిన్నె అతని ముందు పెట్టాను.

“కడిగింది మీవాళ్లే కాబట్టి పసుపు నువ్వే పుయ్యి బాబూ. పోయినవాళ్ల ముందు, ఇది వాళ్లదేనని ఒక్క మాట చెప్పు.”

“నేను ఇవన్నీ పెద్దగా నమ్మను ఆంటీ.”

“నమ్మకపోతే ఇంకా ఈజీ కదా?” అంది చాందిని. ఈసారి నవ్వలేదు.

వేలు పసుపులో ముంచాడు. మేకు దాకా వచ్చి చెయ్యి ఆగింది.

మెల్లగా చెప్పాడు. ఇది పాత ఇనుము కొట్లో కొన్నదట. మా మేకును ఎవరో పెట్టే ఎగ్జిబిషన్‌కు ఇస్తానని మాటిచ్చి, వాళ్ల దగ్గర పెట్టాడట. అడిగితే నేనివ్వనని తెలుసట. మా పసుపు అలాగే ఉందని, రేపు తెచ్చిస్తానని అన్నాడు.

“ఉందో లేదో నా కళ్లతో చూస్తాను. చెప్పులు వేసుకో.”

బస్సులో అతని పక్కన కూర్చోలేదు. ఎదుటి సీట్లో కూర్చుని, దిగేదాకా అతని చేతులే చూశాను.