మూడో అంతస్తులో పొంగిన పాలు

నేను ఒక ఇత్తడి గిన్నెను. పులుసులూ పోపులూ పెట్టుకునే గిన్నెననుకునేరు, కాదు. పాలు పొంగించే గిన్నెను. అజ్జరంలో ఒక కంచరి నన్ను సుత్తితో కొట్టి కొట్టి గుండ్రంగా తేల్చాడు. సత్యవేణమ్మ పెళ్లికి ఆమె మేనత్త నన్ను కానుకగా ఇచ్చింది. ఆమె ఏ ఊళ్లో కాపురం పెట్టినా, ఏ అద్దెగదిలో దిగినా, తొలి పొయ్యి నాదే. నేను పొంగాకే మంచాలైనా బీరువాలైనా గుమ్మం దాటాలి. ఇంతటి మర్యాద ఇంకే గిన్నెకు దక్కిందో చెప్పండి!

ఆ తర్వాత ఆమె నన్ను కోడలు హైమకు అప్పగించింది. మాటవరసకే లెండి. బోడుప్పల్‌లో కొడుకు కాపురానికి నాతోపాటు తనూ వచ్చేసింది.

మేముంటున్న ఇల్లు కూల్చి అపార్ట్‌మెంటు కడతారట, నెలాఖరుకు ఖాళీ చేయమన్నారు. హైమది ల్యాబ్‌లో బిల్లులు కొట్టే ఉద్యోగం. ఆమె భర్త కొరియర్ వ్యాను నడుపుతాడు. లిఫ్టున్న ఇళ్లు వాళ్లకు అందవు. అందే ఇళ్లలో ప్రశ్నలెక్కువ. "మీరేవిట్లు?" అని కులం అడుగుతూ ఒకరు, "చేపలు వండుతరా?" అని ఒకరు, "చుట్టాలు మస్తుగొస్తరా?" అని ఇంకొకరు. కుళాయిలో నీళ్లొస్తాయా అని హైమ అడిగితే మాత్రం ముఖాలు చిట్లించేవారు.

చివరికి లిఫ్టు లేని మేడలో మూడో అంతస్తు ఖాళీగా ఉందని తెలిసింది. అద్దె ఇచ్చుకోగలిగినంతే. కాకపోతే మర్నాటి నుంచి ఆషాఢం. ఆషాఢంలో కొత్తింట్లో పాలు పొంగించేది లేదని సత్యవేణమ్మ పట్టు. అది దాటేదాకా ఆగితే నెలాఖరూ దాటిపోతుంది. అందుకే పిడకలు, కర్పూరం, పాలప్యాకెట్టుతో సహా నన్ను సంచిలో వేసుకుంది.

"ఇల్లు చూడ్డానికేగా అత్తయ్యా, గిన్నెందుకు?" అంది హైమ.

"ఉండనియ్యవే. నువ్వు మోస్తున్నావా ఏంటి?"

కింది వాటాలో ఉండే ఇంటావిడ అనసూయమ్మ తాళంచెవి తెచ్చి సత్యవేణమ్మ చేతిలో పెట్టింది. "మీదికి పోయి చూసుకోండ్రి" అంది. సత్యవేణమ్మ వాళ్ల ఊళ్లో తాళంచెవి చేతిలో పెట్టారంటే ఇల్లు ఇచ్చేసినట్టే. హైమ కుళాయిలు తిప్పి చూసే లోపలే వంటగట్టు మీద వసారాలో దొరికిన మూడు ఇటుకలు, వాటి నడుమ పిడకలు, పైన నేను!

పొగ చూసి ఇంటాయన బాల్‌రెడ్డి పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా ఇది? ఇల్లు తగలవెడ్తరా? నేనింకా ఇస్తననలే! పొద్దుమీకి వేరేటోళ్లొస్తున్రు, రెండు వేలు ఎక్కువిస్తమన్నరు!"

"అయ్యో, ఎంత పని చేసేరత్తయ్యా!" కుళాయి వదిలేసి పరుగున వచ్చింది హైమ.

"తాళం చేతిలో ఎట్టాక ఇంకేంటే?"

"దించేద్దాం" అంటూ హైమ పట్టకారు దొరక్క చీరచెంగు చేతికి చుట్టుకుంది. దించడమా? నా జన్మలో పొంగకుండా పొయ్యి దిగింది లేదు. ఒళ్లంతా బిగబట్టాను. ఆమె చెయ్యి తగలబోయే క్షణాన తెల్లగా లేచి, అంచు దాటి, తూర్పు వైపుకే దూకాను.

హైమ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చిన అనసూయమ్మ అది చూసి, ఒలికిన పాలను వేలితో తాకి కళ్లకద్దుకుంది.

"ఇగ ఊకో" అంది భర్తతో. "మనింట్ల పాలు పొంగినంక పొమ్మని ఎట్లంటం?"

"రెండు వేలే, అనసూయా!"

"ఆ రెండు వేలు నెత్తిన వెట్టుకొని కూసో."

"గోడకు మసి చూడు!"

"సున్నమేస్తే పోతది." అని హైమ వైపు తిరిగింది. "నీ పేరేంది బిడ్డా?"

హైమ పేరు చెప్పబోయి, ఏడ్చేసింది. అన్ని ఇళ్లు తిరిగినా ఆ మాట అడిగిన వాళ్లెవరూ లేరు మరి.

అనసూయమ్మే కిందికి వెళ్లి గ్లాసులు, చక్కెర తెచ్చి, చక్కెర నాలో వేసింది. బాల్‌రెడ్డి ముఖం గంటు పెట్టుకునే గ్లాసు అందుకున్నాడు. తాగాక ఇంకాస్త పోయమన్నాడు.

పాలు పొంగిపోయాయి గనక సామాను ఎప్పుడు చేర్చినా ఇబ్బంది లేదంది సత్యవేణమ్మ. ఆదివారం అందరూ దిగారు. హైమ నన్ను చింతపండుతో తళతళా తోమి, వంటింటి పై అరలో పెట్టింది. అక్కడి నుంచి మెట్ల మీది గోలంతా వినిపిస్తోంది. ఫ్రిజ్ మలుపు తిరగనంటోంది. నలుగురు మగవాళ్లు దానికి దారి చెబుతూ ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. రానివ్వండి, తొందరేముంది? నేనున్నాగా, ఇంట్లో.