ఎడమకు లాగే కారు

ఆ కార్ల పత్రిక ఆఫీసులో ఆమెను అందరూ కామాగారు అనేవారు. పద్నాలుగేళ్ళుగా అక్కడ ప్రూఫులు దిద్దుతోంది. ఎవరెంత పొడుగు వాక్యం రాసినా, చదివేవాడు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ ఒక కామా పెట్టి పంపేది. వెటకారానికి పుట్టిన పేరే అయినా వాడగా వాడగా ముద్దుపేరైపోయింది. చివర ‘గారు’ ఎప్పుడు చేరిందో మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఆమె బల్ల మూడో అంతస్తులో, జెరాక్స్ మిషను పక్కన. నెలకు పది పన్నెండు కార్ల సమీక్షలు ఆ బల్ల మీదుగా అచ్చుకు వెళ్ళేవి. కార్లు నడిపి వాటి మంచిచెడ్డలు రాసే టెస్టర్లు నలుగురున్నారు. పేర్లూ ఫోటోలూ వాళ్ళవి, అచ్చుతప్పులు ఈమెవి. కానీ అన్నేళ్ళు చదివింది ఊరికే పోతుందా? ఏ ఇంజను ఎక్కడ ఊపందుకుంటుందో, ఏ గేరు ఎక్కడ మొరాయిస్తుందో ఆమెకు కంఠతా వచ్చేసింది. కారు నేర్చుకుని లైసెన్సు తీసుకుంది గానీ, తను నడిపేది మాత్రం స్కూటరు.

మూడేళ్ళ కిందట ఒక శనివారం పాత కార్లమ్మే షాపు ముందునుంచి పోతూ బ్రేకు వేసింది. లోపల ఒక నీలం కారు నిలబడి ఉంది. దూరంనుంచి చూస్తే కూరగాయలకు వేసుకెళ్ళే చిన్న కారే. ఐదు తలుపులు, పొట్టి ముక్కు, కత్తితో కోసేసినట్టుండే వెనకభాగం. దగ్గరికెళ్తే సంగతి వేరు. చక్రాలు వెడల్పు, పొట్ట నేలకు దగ్గర, సీట్లు మనిషిని రెండు పక్కలా పట్టుకుని కూర్చోబెట్టే రకం. బానెట్ కింద అదనపు బలమిచ్చే టర్బో ఇంజను. ఆ కారు మీద వచ్చిన రెండు సమీక్షలనూ దిద్దింది తనే.

షాపతను తాళమిచ్చి ఒక చుట్టు తిప్పి రమ్మన్నాడు. రెండో గేరులో కాలు కాస్త గట్టిగా వేసింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. ఆ తరవాత ఎవరో వెనకనుంచి రెండు చేతులతో తోసినట్టు కారు ముందుకు దూకింది. తను నవ్వుతున్నట్టు ఆమెకు రెండు వీధులు దాటాకగానీ తెలియలేదు.

ఆమె భర్త పళ్ళ సెట్లు చేసే ల్యాబులో టెక్నీషియన్. వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్ళీ మొదటినుంచీ చేసే మనిషి. కారు ఇంటికి తెచ్చిన రోజు చుట్టూ తిరిగి చూసి, బ్రేకులు బాగున్నాయా అని ఒక్కమాట అడిగి ఊరుకున్నాడు. అత్తగారు అలా ఊరుకునే రకం కాదు. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది, మాటకు తడుముకోవడం ఎరగదు. మొదటిసారి ఎక్కి రెండు మైళ్ళు వెళ్ళేసరికి తీర్పు చెప్పేసింది.

“అమ్మాయ్, ఈ కారు రోడ్డు మీద పడ్డ నాణెం బొమ్మో బొరుసో కూడా చెప్పేస్తుందే.”

నిజమే, స్ప్రింగులు గట్టివి. అయినా ఆవిడ మోకాళ్ళ డాక్టరు దగ్గరికి ఆ కారులోనే వెళ్ళేది, తిట్టుకుంటూనే.

ఆదివారాలు పొద్దున్నే కామాగారు ఊరవతల కొండ చుట్టి వెళ్ళే రోడ్డు మీదికి పోయేది. టర్బో ఎప్పుడు అందుకుంటుందో చెవితో పట్టడం నేర్చుకుంది. మలుపు వస్తుందనగా ముందే గేరు దించి పెట్టుకుంటే, మలుపులోంచి బయటికొచ్చే వేళకు ఇంజను సిద్ధంగా ఉంటుందని తెలుసుకుంది. చక్రాలు విప్పడం, బిగించడం, టైర్లలో గాలి చూడడం, ఆయిలు మార్చడం అన్నీ తనే. మూడేళ్ళలో అరవై వేల కిలోమీటర్లు. ఆఫీసులో మాత్రం ఈ సంగతులేవీ ఎప్పుడూ ఎత్తలేదు. వాళ్ళూ అడగలేదు.

అలా ఉండగా ఆ కారులో కొత్త మోడలు వచ్చింది. కంపెనీవాళ్ళు పత్రికకు పరీక్షకని ఒకటి పంపారు. దాన్ని నడిపింది ఆరో గేరు. అతను పత్రికలో పెద్ద టెస్టరు. ఇరవై ఏళ్ళ అనుభవం. మాట్లాడితే ఆరో గేరులో పోతున్నట్టే ఉంటుందని ఆ పేరు. చెడ్డవాడేం కాదు. అతని చేతికొచ్చిన కారు ఎలాంటిదని అతనంటే అలాంటిదేనని అందరికీ నమ్మకం, అంతే.

సమీక్ష ప్రూఫు కామాగారి బల్ల మీదికి వచ్చింది. ‘రెండో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కారు ప్రతిసారీ ఎడమకు లాగేస్తోంది. వానలో దీన్ని నడపడం ప్రాణాలతో చెలగాటం. కొనకండి.’

కామాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆమె పెన్సిల్ మాత్రం ‘ప్రతిసారీ’ దగ్గర ఆగిపోయింది.

ముందు చక్రాలకే అంత బలం అందే కారు స్టీరింగును కాస్త గుంజడం మామూలే. ఆమె కారూ గుంజుతుంది. రోడ్డు ఎటు వాలితే అటు, ఓసారి ఎడమకు, ఓసారి కుడికి. ఎప్పుడు తొక్కినా ఒకే పక్కకు పోతోందంటే జబ్బు ఇంకెక్కడో ఉందన్నమాట. తన కారును ఎవరో అన్యాయంగా తిడుతుంటే వింటూ కూర్చున్నట్టనిపించింది ఆమెకు. భోజనాల వేళ డబ్బా విప్పకుండానే కింద పార్కింగులోకి దిగింది.

కొత్త కారు అక్కడే ఉంది. ముందు చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని టైర్ల మీది గాడుల్లో బొటనవేలు పెట్టి చూసింది. ఎడమ టైరు బాగా అరిగిపోయి ఉంది. అంతకుముందు వేరే పత్రికల టెస్టర్లు దాన్ని తోమేసి ఉంటారు. కుడి టైరు కొత్తది, వేరే రకం. దాని మీద సన్నటి రబ్బరు నూగు కూడా ఇంకా రాలలేదు. పంక్చరో ఏదో అయి అదొక్కటే మార్చినట్టున్నారు. కొత్త టైరు అరిగినదానికన్నా కొంచెం ఎత్తు. ఈ కారులో ముందు చక్రాల మధ్య బలాన్ని పంచే ఏర్పాటు ఒకటుంది. రెండింటిలో ఏది నెమ్మదిగా తిరిగితే దానికి ఎక్కువ బలం పంపుతుంది. ఎత్తున్న చక్రం నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి కుడిపక్క ఎక్కువ తోపు పడి, కారు ఎడమకు పోతోంది.

ఆమె నేరుగా ఎడిటరు గదికి వెళ్ళింది. ఆరో గేరు కూడా అక్కడే ఉన్నాడు. చూసిందంతా చెప్పింది. ఎడిటరు కళ్ళజోడు తీసి, ఎల్లుండి పేజీలు ప్రెస్సుకు వెళ్ళాలనీ, ఎవరి పని వాళ్ళు చేసుకుంటే బాగుంటుందనీ మెల్లగానే అన్నాడు. ఆరో గేరు నవ్వి, ఇరవై ఏళ్ళుగా కార్లు నడుపుతున్నవాడికి టైరు తేడా తెలియదంటారా అన్నాడు. మామూలుగా అయితే అక్కడితో ఆమె వెనక్కి తిరిగేదే. ఆ రోజు కాళ్ళు కదలలేదు.

“సార్, ముందు చక్రాలు రెండూ అటుదిటు, ఇటుదటు మార్చి నడపండి. కారు కుడికి లాగితే తప్పు టైర్లది. అప్పటికీ ఎడమకే లాగితే నాది. ఇంకెప్పుడూ ఈ గదిలోకొచ్చి కార్ల గురించి మాట్లాడను.”

“మీకింత నమ్మకం ఎక్కణ్ణుంచొచ్చిందండీ?” అన్నాడు ఎడిటరు.

“నా దగ్గర ఉన్నది ఇదే కారు సార్. పాత మోడలు. అరవై వేల కిలోమీటర్లు నడిపాను.”

ఇద్దరూ నోరు తెరిచారు. కింద జెనరేటరు పక్కన ఎప్పుడూ ఉండే నీలం కారు ఎవరిదా అని ఆరో గేరు రెండేళ్ళుగా అనుకుంటున్నాడట.

మర్నాడు పొద్దున ముగ్గురూ పత్రికవాళ్ళు కార్లు పరీక్షించే పాత విమానాల రన్‌వే మీదికి వెళ్ళారు. మెకానిక్కు ఇంకా రాలేదు. కామాగారు చీర కొంగు దోపుకుని, జాకీ తనే వేసి, ముందు చక్రాలు రెండూ విప్పి పక్కలు మార్చి బిగించింది. నట్లను ఎదురెదురుగా ఎలా బిగిస్తోందో ఆరో గేరు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపులో నవ్వు లేదు.

అతను కారెక్కాడు. మొదటి గేరు, రెండో గేరు. కాలు గట్టిగా వేసిన చోట ఇంజను గొంతు మారింది, కారు ముక్కు స్పష్టంగా కుడికి తిరిగింది. తిరిగొచ్చి మళ్ళీ వెళ్ళాడు. మూడోసారీ వెళ్ళాడు. ఎడిటరు గడ్డం రుద్దుకుంటూ చూస్తున్నాడు.

ఆరో గేరు కారు దిగి తలుపు వేశాడు.

“కుడికే,” అన్నాడు. వంగి ముందు టైరును చేత్తో తడిమి, “టైర్లు చూడాల్సింది నేను. చూడలేదు,” అన్నాడు. అంత నెమ్మదిగా అతను మాట్లాడడం వాళ్ళెప్పుడూ వినలేదు.

కంపెనీకి ఫోను చేస్తే మధ్యాహ్నానికి ఒకే జత టైర్లు వచ్చాయి. మెకానిక్కు బిగించాడు. రన్‌వే మీద మలుపులు వచ్చేలా ప్లాస్టిక్ కోన్లు పేర్చి, వాటర్ ట్యాంకరుతో అంతా తడిపించారు. ఆరో గేరు తాళం తీసుకుని తను ఎక్కకుండా ఆమె చేతిలో పెట్టాడు. తను పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

ఆమె సీటు ముందుకు జరుపుకుంది. అద్దాలు సరిచేసుకుంది. తడి నేల మీద మొదటి మలుపు దాకా కాలు సుతారంగా వేసి, చక్రాలు ఎక్కడ జారతాయో, ఎక్కడ పట్టు దొరుకుతుందో చూసుకుంది. రెండో చుట్టులో తొక్కింది. కోన్ల మధ్య కారు అటూ ఇటూ ఒదిగింది. నీళ్ళు రెండు పక్కలా రెక్కల్లా లేచాయి. స్టీరింగు చేతుల్లో బతికున్నదానిలా కొంచెం కదిలింది తప్ప ఏ పక్కకూ పోలేదు. ఆఖరి మలుపులో గేరు దించి, ఇంజను సిద్ధమైన క్షణాన కాలు వేసింది. కారు గీత గీసినట్టు బయటికొచ్చింది. ఆగాక ఆరో గేరు అడిగిన మొదటి ప్రశ్న, రెండో మలుపులో కాలు అంత ఆలస్యంగా ఎందుకు వేశారని.

“ఇందులో టర్బో మా పాతదానికన్నా ముందే అందుకుంటోంది సార్. మొదటి చుట్టులో గమనించాను.”

అతను తల ఊపి కిటికీ దించి ఎడిటరును పిలిచాడు. తను రాసింది తీసేయమన్నాడు. ఈ కారు గురించి తనకు వారంలో తెలిసింది, ఈమెకు మూడేళ్ళుగా తెలుసు, సమీక్ష ఈమే రాయాలి అన్నాడు. ఎడిటరు నీళ్ళు నమిలి, ఒక్క రోజే టైముందని చెప్పి సరేనన్నాడు.

ఆ సాయంత్రం కామాగారు భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుంది. పద్నాలుగేళ్ళు ఇతరుల రాతల్లో ‘అద్భుతం’ అన్న మాట కనబడితే కొట్టేసిన మనిషి, మొదటి పేజీలోనే దాన్ని నాలుగుసార్లు రాసింది. నాలుగూ కొట్టేసింది. భర్త చదివి, ఇంజను గురించి బాగానే ఉంది గానీ నీకిదంటే ఎందుకిష్టమో ఎక్కడా లేదే అన్నాడు. ఆమె కొత్త కాగితం తీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

‘ఈ కారు మీకు సుఖాన్నివ్వదు. గతుకుల రోడ్డు మీద మా అత్తగారు దీన్ని మనసారా తిడతారు. డిక్కీలో రెండు పెట్టెలు పడితే మూడోది ఒళ్ళో పెట్టుకోవాలి. ఇంధనం పొదుపుగా వాడుతుందని నేను చెప్పలేను. కానీ రోజూ ఆఫీసుకు వెళ్ళే దారిలో ఏదో ఒక మలుపు ఉంటుంది. ఆ మలుపు దగ్గర ఈ కారు మిమ్మల్ని చేతనైనవాళ్ళని చేస్తుంది. చేతగాకపోతే ఆ సంగతి కూడా దాచదు. మూడేళ్ళుగా అది నాకు చెబుతోంది, నేను నేర్చుకుంటున్నాను.’

టైర్ల కథ రాయాలా వద్దా అని తటపటాయించి ఆరో గేరుకు ఫోను చేసింది. రాయమన్నాడు. తన పేరు పెట్టి మరీ రాయమన్నాడు. చదివిన వాళ్ళు కొనే ముందు ఓసారి వంగి టైర్లు చూసుకుంటారు, అది చాలన్నాడు.

మరి ఆమె ప్రూఫు ఎవరు చూడాలి? ఆ బాధ్యతా అతనే తీసుకున్నాడు. తిరిగొచ్చిన కాగితాల్లో ఒకే ఒక్క ఎర్ర గుర్తుంది. మూడో పేజీలో ఒక కామా తప్పిపోయింది. ఆఫీసు ఆఫీసంతా వచ్చి ఆ గుర్తును చూసిపోయింది. ఆమె కూడా కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

సంచిక వచ్చాక ఉత్తరాలు చాలా వచ్చాయి. తను ఇన్నాళ్ళూ కారులో తప్పుందనుకుని టైరు మార్చుకోలేదని ఒకతను రాశాడు. డ్రైవింగ్ నేర్పే ఒకావిడ, తన క్లాసులో ఆ సమీక్షను చదివి వినిపించానని రాసింది. మరుసటి నెలనుంచి టెస్టర్ల జాబితాలో ఐదో పేరు కామాగారిది. ప్రూఫులు మానలేదు. అవి ఇంకొకరికి అప్పగించడానికి ఆమెకే మనసొప్పలేదు.

ఆ సమీక్ష వచ్చిన సంచిక ఇంటికి తెచ్చిన రోజు అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. తనను ఊరంతా తిట్లపోతు అనుకోదూ అంది. మన బండి ఫోటో వెయ్యకుండా కంపెనీవాళ్ళ బండిది ఎందుకేశారని ఆరా తీసింది. పత్రిక చేతిలో పట్టుకుని, మోకాళ్ళ నొప్పినీ లెక్కచేయకుండా మెట్లు దిగిపోయింది.

ఎంతకూ పైకి రాకపోతే కోడలు బాల్కనీలోంచి తొంగి చూసింది. కింద నీలం కారు బానెట్ మీద చెయ్యి వేసి, కుర్చీ తెప్పించుకుని మరీ కూర్చుంది ఆవిడ. కొత్తగా దిగిన పక్కింటాయన ఈ బండి ఎవరిదండీ అని అడుగుతున్నాడు.

“మా కోడలిది,” అంటోంది అత్తగారు. “నడిపేదీ తనే, దీని గురించి రాసేదీ తనే. కూర్చోండి, రెండో పేజీనుంచి చదువుతాను. మొదటి పేజీ ఇంజను గొడవ, అది మనకర్థం కాదు.”